మా దివాణం బొమ్మకి సర్టిఫికెట్ వచ్చిన వైనం

మా ఇంటి పాత చిత్రాన్ని పురావస్తువుగా రిజిస్టర్ చేసినట్టు నిన్న మధ్యాహ్నం సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆ కోపం, ఆ ఊరట రెండూ చల్లారకముందే రాస్తున్నాను.

మాది కోనసీమలో చిన్న జమీందారీ. 1948 చట్టంతో ఎస్టేటు పోయింది, తర్వాత భూములు పోయాయి, మొన్న దివాణం కూడా పడగొట్టేశారు. మిగిలింది హాల్లో వేలాడిన పెద్ద తైలవర్ణ చిత్రం. నలుగురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు, మధ్యావిడ ఒడిలో ఒక పిల్లాడు. అడుగున జానెడు మేర 1986 గోదావరి వరద మరక. ఏటా సంక్రాంతికి మెరుపు రావాలని కొబ్బరినూనె రాసేవారు. ఆ పుణ్యాన మా ముత్తాత జరీకోటు కాస్తా ప్లీడరు కోటైపోయింది. మీ ఇళ్ళల్లో ఇలాంటివి ఉంటే నూనె, తడిగుడ్డ తగలనివ్వకండి.

దీన్ని అమెరికా పట్టుకుపోతానని మా బావ పేచీ పెట్టాడు. "రవివర్మ వేసిందిరా, నీకేం తెలుసు" అన్నాడు. ఒళ్ళు మండి చట్టం వెతికాను. 1972లో చేసిన పురావస్తువుల చట్టం 1976 నుంచి అమల్లో ఉంది. నూరేళ్ళు దాటిన చిత్రాన్ని రిజిస్టర్ చేయించాలి. యజమాని మారితే తెలియజేయాలి. సొంతంగా ఎవరూ దేశం దాటించకూడదు. ఇంకేం కావాలి!

ఫారం నింపడం, ఫోటోలు తీయించడం ఒక్కరోజు పని. వచ్చిన చిక్కల్లా ఆ రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాతోనే.

"ఇందులో ఎవరెవరండీ? పేర్లు చెప్పండి, రాసుకుంటాను."

ముత్తాత పేరు చెప్పాను. పిల్లాడు మా తాత. అంతే, నోరు పెగల్లేదు. వంశం గురించి పెళ్ళిళ్ళల్లో గంటలకొద్దీ దంచే మనిషిని! పక్క టేబులాయన కూడా లేచొచ్చి వంగి చూశాడు. "ముగ్గురాడోళ్ళూ ఒక్కలాగే ఉన్నారు, అక్కచెల్లెళ్ళాండీ?" అన్నాడు. ఏదో ఒకటి అనాలి కదా, ఔనన్నాను. "రాజుగారి మునిమనవడికి ముత్తవ్వ పేరు తెలీదు గానీ అక్కచెల్లెళ్ళని తెలుసంట" అని గుమాస్తా నవ్వాడు. ఆఫీసంతా నవ్వింది. నూరేళ్ళయిందని రుజువు కూడా తెమ్మని పంపేశాడు. బస్సులో ఇంటికొచ్చేదాకా నా చెవులు కాలుతూనే ఉన్నాయి.

నేరుగా మా పెద్దత్త దగ్గరికెళ్ళాను. ఎనభై నాలుగేళ్ళు, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. ఫోటో చూసి పకపకా నవ్వింది.

"అక్కచెల్లెళ్ళేంట్రా, ముగ్గురూ మూడిళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు. ఆ ముఖం మా మామ్మదీ కాదు, ఎవరిదీ కాదు. అప్పట్లో ఘోషా కదా, బొమ్మలేసేవాణ్ణి లోపలికి రానిస్తారా? చీరలూ నగలూ మాత్రం హాల్లోకి పంపేవారట. ముఖం కోసం మామ్మ అన్నగార్ని కూర్చోబెట్టి, మీసం తీసేసి ముక్కుపుడక పెట్టాడు. అదే ముఖం ముగ్గురికీ!"

మళ్ళీ చూశాను. కాసులపేరులో కాసులు లెక్కపెట్టొచ్చు, వడ్డాణం మీద నగిషీ కూడా తెలుస్తుంది. ముఖాలు మాత్రం నిజంగానే ఒక్క మగాడివి.

ఏళ్ళ లెక్క కూడా అత్తే తేల్చింది. ట్రంకు పెట్టె అడుగునుంచి తాత ఎస్సెల్సీ పుస్తకం, అదే స్కూలు చదువు ముగించిన సర్టిఫికెట్, తీసింది. పుట్టింది 1916. బొమ్మలో మూడేళ్ళకి మించి ఉండడు. అంటే 1919 ప్రాంతం. రవివర్మ పోయింది 1906లో. ఇంకా పుట్టని మా తాతని ఆయన ఎలా వేశాడో మా బావే చెప్పాలి. ఈ మాట ఫోన్లో అడిగితే లైన్ కట్ అయింది.

రెండోసారి ఎస్సెల్సీ పుస్తకం, ఎనిమిది పేర్లూ పట్టుకెళ్ళాను. గుమాస్తా మారిపోయాడు. కొత్తాయన పుస్తకం జెరాక్స్ తీసుకుని, పేర్ల కాగితం చూడకుండానే వెనక్కిచ్చేశాడు. "అవక్కర్లేదండి ఆయ్, ఎంతమందో రాస్తే చాలు" అన్నాడు.

సర్టిఫికెట్ అత్తకి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని రెండువైపులా తిప్పి చూసింది. "మా మామ్మ పేరేదిరా?" అంది. అందుకే ఆ పేర్ల కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫ్రేము వెనక దారంతో కట్టాను. మామ్మ అన్నగారి పేరు కూడా అందులో చేర్చాను.