రిజిస్టరు మేష్టారి దగ్గర నేర్చిన పని

మైకుగాడు ఫోన్ చేసి, "మన బడి సంచికకి రెండు పేజీలు రాసివ్వు, ఇరవయ్యో తారీఖు దాటితే ప్రెస్సువాడు తీసుకోడు" అన్నాడు. దేని గురించి రాయమంటావని అడిగితే, "బడి గురించి రాయి. నువ్వు ఆదివారాలు చేసే ఆ లినక్స్ గొడవ గురించి కూడా రాయి, ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు" అన్నాడు. కమిటీలో మిగతావాళ్లు ఒక షరతు పెట్టారు. కొబ్బరి లౌజు సంగతి ఎత్తకూడదట. ఎత్తను. తిన్నవాళ్లు ఇప్పుడు పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నారు.

ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చదివామో, హిందీ పండిట్‌గారి గొడుగు తప్ప నాకేమీ గుర్తులేదు. పదో తరగతిలోనైనా గుర్తున్నవి తుపాను తరవాతి రోజులే. 1996 నవంబరు 6 అంటే కోనసీమలో ఎవరికీ ఇంకేం చెప్పక్కర్లేదు. తోటలు ఏమయ్యాయో, ఎవరింట్లో ఎవరు పోయారో మనందరికీ తెలుసు. నేను రాయాలనుకున్నది రిజిస్టరు మేష్టారి గురించి.

బడి తెరిచేసరికి తూర్పుగది మీద పెంకుల్లేవు. లైబ్రరీ బీరువాలు రెండూ తడిసి ఉబ్బిపోయి తలుపులు రాలేదు. మన క్లాసు బుల్లెట్టుగాడు గడ్డపార పెట్టి తెరిచాడు. లోపల పుస్తకాలన్నీ అతుక్కుపోయి ఉన్నాయి, సగం వాటికి అట్టలు లేవు. చిత్తుకాగితాల కింద అమ్మేద్దామని స్టాఫ్‌రూములో అందరూ అనేశారు. మన సోషల్ మేష్టారు, అదే రిజిస్టరు మేష్టారు, మాత్రం స్టాకు రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చారు. సెలవులకి ఇంటికి పట్టుకెళ్లారు కాబట్టి అదొక్కటే పొడిగా ఉంది. "పోతే పోయిందని రాయాలి, ఉంటే ఉందని రాయాలి. తెలీదని రాయడానికి ఇందులో గడి లేదు" అన్నారు.

వరండాలో గోనెపట్టాలు పరిచాం. ఇనప స్కేలు పేజీల మధ్యకి పోనిచ్చి, కింది మూల నుంచి పైకి నెమ్మదిగా ఎత్తాలి. పైనుంచి లాగితే కాగితం చిరుగుతుంది. చెయ్యి వణకదని ఆ పని మన క్లాసు జామకాయగాడికి ఇచ్చారు. మరి అట్టలేని పుస్తకం ఏదో ఎలా తెలుస్తుంది? అప్పుడు బయటపెట్టారు ఆయన అసలు సంగతి. మొదటి పేజీ మీద ముద్ర సరే, ప్రతి పుస్తకంలోనూ 25వ పేజీ అడుగున ఇంకో ముద్ర, దాని పక్కన నెంబరు. మొదటి పేజీలు బ్లేడుతో కోసిన మహానుభావుడి మొహం ఆ క్షణంలో చూడాల్సింది! ఊదారంగు సిరా కాగితం మీద పాకిపోయినా నెంబరు తెలిసేది. నేను పైకి చదివేవాణ్ణి, ఆయన టిక్కు పెట్టేవారు.

చివరికి కొన్ని పుస్తకాలు మిగిలాయి. మిల్లు యజమాని, మనం మిల్లుగారు అనే ఆయన, ఇచ్చిన ట్రంకుపెట్టెలోవి. మంచి పుస్తకాలు, రంగుల బొమ్మలు, పెద్దగా తడవలేదు కూడా. నెంబర్లు లేవని ఆయన బీరువాలో పెట్టనివ్వలేదు. "ఎవరిచ్చారో, ఏమని ఇచ్చారో రాసుకోకుండా లోపల పెడితే, రేపు ఎవరైనా వచ్చి అడిగితే నువ్వు చెబుతావా?" అని నన్నే అడిగారు. మనల్ని సైకిళ్ల మీద మిల్లుకి పంపి, ఇచ్చినట్టు కాగితం మీద సంతకం పెట్టించుకు రమ్మన్నారు. మిల్లుగారింట్లో ఎవరు ఎన్ని పూతరేకులు తిన్నారో అదీ రాయను.

ఆ తరవాత ఇంటరు, ఇంజనీరింగు, ఉద్యోగం. అందరిదీ ఒకటే కథ కాబట్టి వదిలేస్తున్నాను.

ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకుంటాను. ఆదివారాలు డెబియన్‌కి. కంప్యూటర్ని నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇదొక రకం. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు, ఏ కంపెనీదీ కాదు. దేశదేశాల వాళ్లు ఊరికే, ఇష్టం కొద్దీ నడుపుతున్నారు. ఉబుంటు అనే ఇంకో లినక్స్ కూడా దీని మీద కట్టిందే. ఇందులోకి నేనొక పైథాన్ లైబ్రరీని, అంటే పైథాన్ భాషలో రాసిన, వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడుని, ప్యాకేజీగా మూటకట్టి చేర్చాను. మీ ఫోన్లో యాప్ వెనక సర్వర్ని ఏం అడగొచ్చు, ఎలా అడగాలి అనే ఏర్పాటుని ఏపీఐ అంటారు. ఒక్కో ఆఫీసులో ఇలాంటివి బోలెడు. ఏది ఏ వెర్షను, ఎవరికి అనుమతి ఉంది అన్న లెక్క ఈ లైబ్రరీ చూస్తుంది. పైగా వాటి వివరాల పేజీని ఓపెన్‌ఏపీఐ అనే, ఏపీఐల వివరాలు రాసే పద్ధతిలో అదే తయారుచేస్తుంది. 2016కి ముందు ఈ పద్ధతి పేరు స్వాగర్.

"నెట్‌లో దొరుకుతుందిగా, దించుకుంటే పోలా?" అని బుల్లెట్టు గ్రూపులో అడిగాడు. దించుకోవచ్చు. కానీ డెబియన్‌లో చేరాలంటే లోపలున్న ప్రతి ఫైలూ ఎవరు రాశారు, ఏ లైసెన్సు కింద, అంటే వాడుకోవడానికి ఏ షరతులతో, ఇచ్చారు అన్నది 'కాపీరైట్' అనే ఫైలులో రాయాలి. దీన్ని నేను చేస్తున్నానని ముందే బగ్ రిపోర్టు పెట్టి అందరికీ చెప్పాలి, ఇంకొకరు అదే పని మొదలుపెట్టకుండా. ప్యాకేజీ కట్టేటప్పుడు ఇంటర్నెట్ వాడకూడదు, కావలసినవన్నీ డెబియన్‌లోంచే రావాలి. టెస్టుల్లో కొన్ని బయటి సర్వర్ని పలకరించేవి, వాటిని పక్కన పెట్టాల్సొచ్చింది. పైథాన్ వాళ్ల సైట్లో ఉంచిన మూటలో లైసెన్సు కాగితమే లేదు. మూలరచయితకి రాస్తే మర్నాడే చేర్చాడు, పాపం మంచివాడు.

అసలు తంటా ఆ వివరాల పేజీ దగ్గర వచ్చింది. ఒక మూల ఫోల్డర్లో జావాస్క్రిప్టు ఫైలు, ఖాళీలన్నీ పిండేసి మొత్తం ఒకే వరసలో. మనిషి చదివి దిద్దగలిగే సోర్సు, అంటే రాసినవాళ్లు రాసిన అసలు రూపం, లేనిదాన్ని డెబియన్ తీసుకోదు, దాని లైసెన్సు ఎంత మంచిదైనా సరే. తెరిచి చూస్తే మొదటి వరసలోనే అది ఏ ప్రాజెక్టుదో, ఏ వెర్షనో, ఏ లైసెన్సో ఉన్నాయి. పిండేటప్పుడు కూడా ఆ ఒక్క వ్యాఖ్యని ఉంచేస్తారు. 25వ పేజీ! ఆ అర్ధరాత్రి మేష్టారు పక్కన లేరే అనిపించింది. ఆ వెర్షను సోర్సు డెబియన్‌లో లేదు. దాన్ని కట్టడానికి కావలసిన సరంజామా అంతకన్నా లేదు. ఆ ఫైలు తీసేసి, మూట మళ్లీ కట్టి, వెర్షను నెంబరు చివర ప్లస్ డీఎఫ్‌ఎస్‌జీ అని తగిలించాను, డెబియన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాల పేరుకి పొట్టి అక్షరాలవి. అది లేకపోయినా మిగతాదంతా నడిచేలా చిన్న ప్యాచ్, అంటే కోడులో సవరణ, రాశాను. ఆ పేజీ కావాలన్నవాళ్లు ఆ ఫైలు సొంతంగా తెచ్చుకోవాలి. కొందరికి ఇది చాదస్తంలా ఉంటుంది. ఉండనీ.

కొత్తవాళ్లకి అప్‌లోడ్ చేసే హక్కు ఉండదు. డెబియన్ డెవలపర్ ఒకాయన ప్యాకేజీ అంతా చూసి తన సంతకంతో పంపాడు. కొత్త ప్యాకేజీలు నిలబడే వరస వేరే ఉంది. అక్కడ అప్పట్లో ఎఫ్‌టీపీ మాస్టర్లు అనే బృందం కాపీరైట్ ఫైలుని మనిషి కంటితో చూసేది. ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పరు, మెయిలు కోసం ఎదురుచూడటమే. టెన్షన్ అంటే పదో తరగతి రిజల్టుకి కూడా అంత పడలేదు. ఒక్క ప్రశ్న కూడా రాకుండా లోపలికి వెళ్లిపోయింది. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో అది ఉంది. దాన్ని చూసుకునే మనిషి ఎవరన్న చోట నా పేరు ఇంటిపేరుతో సహా ఉంది. మా నాన్నగారికి చూపిస్తే, "జీతం ఎంత?" అన్నారు.

2023 సెప్టెంబరులో డెబియన్ వాళ్ల ఏటా జరిగే సమావేశం కొచ్చిలో పెట్టారు. వెళ్లాను. అక్కడ మనుషులు ఒకరికొకరు పాస్‌పోర్టు చూపించుకుని, పేరు సరిచూసుకుని, అప్పుడే ఒకరి డిజిటల్ తాళాల (నెట్‌లో తామెవరో రుజువు చేసుకునేవి) మీద ఇంకొకరు సంతకం పెడతారు. నాకు వింతగా అనిపించలేదు. మిల్లు దాకా సైకిలు తొక్కినవాణ్ణి.

మేష్టారు రిటైరయ్యాక ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. ఏం చేస్తున్నావని అడిగితే కంప్యూటర్లన్నాను. ప్యాకేజీ సంగతి అప్పటికింకా లేదు, లేకపోతే ఆ కాపీరైట్ ఫైలు ప్రింటు తీసి పట్టుకెళ్లేవాణ్ణి.

జామకాయ కూతురు కాకినాడలో ఇంజనీరింగు మూడో సంవత్సరం. కొత్త వెర్షనుకి కాపీరైట్ ఫైలు తనే చూస్తోంది. తండ్రి చెయ్యే వచ్చింది, తొందరపడదు. పోయిన వారం ఫోన్ చేసి, "బాబాయ్, ఒకే ఫైల్లో ఇద్దరి పేర్లున్నాయి, రెండో ఆయన ఒక్క ఏడాదే రాశాడు. ఎవరి పేరు వెయ్యాలి?" అని అడిగింది. ఇద్దరివీ వెయ్యమన్నాను, ఏడాదులతో సహా.