చింపిన అంచు

మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీ బ్యాచ్ మళ్ళీ కలుస్తున్న సందర్భంగా వేసే సంచికకి మూడు పేజీలు రాయమని కమిటీ తరఫున కొవ్వూరు ఫోన్ చేశాడు. కొవ్వూరు, మెదక్, ఏలూరు అంటే ఊళ్ళు కావు, ఊరి పేర్లతో మనం పిలుచుకున్న మనవాళ్ళే. "చదివిన ఏళ్ళన్నీ వచ్చేలా రాయి" అన్నాడు. అన్నీ నా వల్ల కాదు. మొదటి ఏడాది కుండలూ గుడ్డ మడతలూ ఎవరైనా రాయొచ్చు. అజంతా టూర్లో మెదక్ తప్పిపోయిన రాత్రి గురించి కనీసం నలుగురు రాస్తారు. మెస్ పాటలు చిన్నమ్మకే వదిలేస్తున్నాను. నాకు రాయాలని ఉన్నది ఒక్కటే, మనకి బొమ్మలు నేర్పిన గరిటె సార్ పెట్టిన ఎండాకాలం పందెం.

అడుగు బై అడుగు హార్డ్‌బోర్డు, రోజుకొకటి. అక్రిలిక్ రంగులు, కాగితం తప్ప ఇంకేమీ వద్దు. మనిషీ చెట్టూ గుడీ ఏదీ గుర్తుపట్టేలా కనిపించకూడదు. మొదటి వారం కుంచె ముట్టకూడదు. నల్లబోర్డు మీద ఈ నాలుగు వాక్యాలు రాసి సార్ టీకి వెళ్ళిపోయారు. పోర్ట్రెయిట్‌లో మన బ్యాచ్‌ని కొట్టేవాళ్ళు లేరని పేరున్న రోజులవి. రూపం లేకుండా బొమ్మ ఎలా మొదలుపెట్టాలో ఒక్కరికీ తెలియలేదు. గోడకి ఆనించిన బోర్డుల ముందు ఆ పూటంతా ఎంత నిశ్శబ్దంగా ఉన్నామో మీకు గుర్తుండే ఉంటుంది.

అప్పటిదాకా మనవి ఆయిల్ రంగులకి అలవాటైన చేతులు. ఆయిల్ రోజుల తరబడి తడిగా ఉండి మన ఆలోచన తెమిలేదాకా ఆగుతుంది. అక్రిలిక్ ఆగదు. నీరు ఆవిరైపోయేకొద్దీ అందులోని పాలిమర్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి, ఆ పొర మళ్ళీ నీళ్ళకి కరగదు. హైదరాబాదు మాసబ్ ట్యాంక్‌లో మన కాలేజీ, మే నెల ఎండ, పైన రేకులు. ప్యాలెట్ మీద రంగు పాల మీద మీగడలా కట్టేసేది. సార్ పళ్ళెంలో తడిగుడ్డ పరిపించి, దాని మీద బటర్ పేపర్ వేయించి, రంగులు ఆ పైన పెట్టించారు. తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉండే బైండరు, అంటే రంగుని పట్టి ఉంచే జిగురు, ఎండితే పారదర్శకమవుతుంది, అందుకే రంగు ఎండాక ఒక పాలు ముదురుతుంది. ఈ సంగతి తెలిశాక చిన్నమ్మ ప్రతి మిశ్రమం నుంచీ ఒక చుక్క అట్టముక్క మీద ఎండబెట్టి పక్కన కొలతలు రాసుకునేది. ఆ పట్టీ చూడకుండా క్లాసులో ఎవరూ రంగు కలపలేదు.

కాగితం సంగతి ఏలూరు బోర్డు మీద బయటపడింది. ఒకవైపే బంక రాస్తే కాగితం ఆ వైపే తడిసి సాగుతుంది, బుడగలు లేస్తాయి. "ఆగు బిడ్డా, ముందుగాల దాన్ని తాగనియ్యి" అని సార్ కాగితానికి రెండు వైపులా అక్రిలిక్ మీడియం, అంటే రంగు కలపని ఆ జిగురే, పూసి, బోర్డుకీ పూసి, నడుమ నుంచి అంచులకి రోలర్ నడిపించారు. ఫెవికాల్ ఎందుకు వద్దన్నారో కూడా ఆ రోజే చూపించారు. ఎండిన ఫెవికాల్ మీద తడి రంగు పెట్టి కాసేపు ఉంచితే కింద కాగితం మళ్ళీ కదిలింది. అదే మీడియం చిక్కటి రూపమైన అక్రిలిక్ జెల్‌తో అంటించినది కదల్లేదు. రంగూ జిగురూ ఒకే పదార్థం అయినప్పుడు పొర మీద పొర ఎన్ని వేసినా మొత్తం ఒకే శరీరం అవుతుందని ఆయన చెప్పిన మాట ఇప్పటికీ నాకు పనికొస్తోంది.

రెండో వారంలో కత్తెరలన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. చేత్తో చింపాలి. న్యూస్‌పేపర్ ఒక దిశలో తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది. మిల్లులో పీచు పరుచుకున్న దిశ అది. వారపత్రికల రంగు పేజీ చింపితే ఒక ముక్కకి తెల్లని అంచు వస్తుంది, రెండో దానికి రాదు. లాగే వైపు మారిస్తే ఆ తెలుపు ఈ ముక్క నుంచి ఆ ముక్కకి మారుతుంది. నేను ఆ వారమంతా వేరే ఏమీ చేయలేదు. చింపుతూ, ఆ తెల్ల అంచు ఎక్కడ సన్నబడుతోందో ఎక్కడ ఉబ్బుతోందో చూస్తూ కూర్చున్నాను. కత్తిరించిన అంచు ఒకేలా ఉంటుంది. చింపిన అంచులో చేతి బలం, కాగితం ఒప్పుకున్నంత మేరా, రెండూ కనిపిస్తాయి. రంగుల కన్నా నాకు అదే ఎక్కువ నచ్చింది.

ఆ తర్వాతే పోస్టర్ల తెల్లవారుజాము. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి చిక్కడపల్లి దాకా, మైదా బంకలో మైలుతుత్తం కలిపి ఒకదాని మీద ఒకటి అంటించిన పాత పోస్టర్ల అట్టలు. నీళ్ళ చెంబు పట్టుకుని మన బ్యాచ్ డబల్ ఎక్స్ ముందు, సంచులతో మనం వెనక. ఆ టీ కొట్టాయన అడిగిన ప్రశ్న ఇక్కడ రాయను, మీకందరికీ నోటికొచ్చు. తిరిగొచ్చాక సార్ పారిస్ కథ చెప్పారు. 1949 నుంచి జాక్ విలెగ్లే, రేమండ్ హెయిన్స్ అనే ఇద్దరు కళాకారులు వీధి గోడల మీద చిరిగిన పోస్టర్లు ఒలుచుకొచ్చి వాటినే చిత్రాలుగా పెట్టారట. దానికి ముందు 1912లో చిత్రకారుడు బ్రాక్ చెక్క మీది చారల్లా అచ్చువేసిన గోడకాగితం కొని బొమ్మలో అంటించాడు. అదే ఏడాది పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ అంటించాడు. ఇవన్నీ చెప్పి చివర, గుడివాడలో పుట్టి లండన్ స్లేడ్ స్కూల్లో చదివిన ఎస్.వి. రామారావు గారి నైరూప్య చిత్రాల గురించి చెప్పినప్పుడు ఆయన గొంతు మారింది. మనవాళ్ళూ ఆ దారిన నడిచారని మనకి తెలియాలని ఆయన తాపత్రయం.

ఇక ఆ సాయంత్రం. పోస్టర్ ముక్కల మీద మూడు పొరల రంగు, దాని మీద జిరాక్స్ తాత దగ్గర తీయించిన అక్షరాలు జెల్‌లో బోర్లా అంటించి, ఎండాక తడిపి వేళ్ళతో కాగితం నలిపి తీసేసిన అచ్చు, దాని మీద గరుకు కాగితంతో గీకుడు. అక్షరాలన్నీ తిరగబడి వచ్చాయి, అలా రావాలనే అంటించాను. బోర్డు నిండిపోయింది. సార్ చాలాసేపు చూసి, జేబులోంచి ఎల్ ఆకారం అట్టలు రెండు తీసి బోర్డు మీద జరపడం మొదలుపెట్టారు. పైకి, కిందికి, దగ్గరికి, దూరంగా. క్లాసంతా చుట్టూ చేరింది. ఎడమ వైపు కింద, అరచేయంత మేర దగ్గర అట్టలు ఆగాయి. అక్కడ ఉన్నది ఏమిటంటే ఒక పసుపు ముక్క, దాని చింపిన తెల్ల అంచు, కింద నీలం. అంతే.

"గీడ ఉన్నది నీ బొమ్మ. మిగిలింది తీసెయ్యి" అన్నారు.

తీసేశాను. రంపం ఏలూరు పట్టాడు, బోర్డు మెదక్ పట్టుకున్నాడు. పందెం ఫలితాల రోజు కారిడార్ గోడంతా బోర్డులు బారులు తీరితే నాది అరచేయంత ముక్క. మొదటి బహుమతి చిన్నమ్మకి రావడం న్యాయం, ఆమె ఎరుపులు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాయి. కానీ నాకు నా చదువు ఆ సాయంత్రమే పూర్తయింది.

తర్వాత ఏళ్ళు ఎలా గడిచాయో చాలామందికి తెలుసు. బొంబాయి, ప్రింట్ల కంపెనీ, పెళ్ళి, కాకినాడ. ఇప్పుడు ఉప్పాడ మగ్గాలకి డిజైన్లు ఇస్తున్నాను. అక్కడి జమ్దానీ నేతలో బుటాకి జకార్డు, అంటే డిజైన్ ప్రకారం పోగుల్ని ఎత్తే యంత్రం, ఉండదు. అదనపు పేక పోగుని మగ్గం మీద కూర్చున్నవాళ్ళు చేత్తోనే పడుగులోకి దూరుస్తారు. మొదట్లో నా కాగితం డిజైన్ చూసి మగ్గం పెద్దాయన "అమ్మా, ఈ అంచు తిన్నగా లేదు" అన్నారు. తిన్నగా ఉండకూడదనీ, ఈ పోగు ఇక్కడ ఆగితే పక్క పోగు రెండు కళ్ళ అవతల ఆగాలనీ ఆయన పక్కనే కూర్చుని చెప్పాను. చేత్తో నేసేది కాబట్టే అది సాధ్యం. ఆయన నేసిన మొదటి పైట చెంగులో చింపిన కాగితం అంచు ఉన్నదున్నట్టు వచ్చింది, పసుపు మీద తెలుపు, కింద నీలం. ఇవాళ ఆ వీధిలో కొన్ని ఇళ్ళకి ఏడాది పొడుగునా నా పనే. ఆ పెద్దాయన మనవరాలు సెలవుల్లో నా దగ్గరికొచ్చి కొలాజ్ చేస్తుంది. ఆమెకి కత్తెర ఇవ్వను. ఎల్ అట్టలు మాత్రం ఇస్తాను. నేను గర్వంగా చెప్పుకునేవి ఇవే, బ్యాంకులో పెద్దగా చెప్పుకునేదేమీ లేదు గానీ ఇల్లు మాది, మగ్గాలకి బాకీ లేను.

కమిటీకి నాదొక మనవి. ఉపన్యాసాలు తగ్గించి కారిడార్ గోడకి ఒక పెద్ద బోర్డు బిగించండి. అందరూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళ కాగితాలు తీసుకురండి, బస్సు టికెట్లు, శుభలేఖలు, పాత క్యాలెండర్లు, పిల్లల నోటు పుస్తకాలు, ఏదైనా సరే. ఏలూరూ, సార్ రోలర్ నీ దగ్గరే ఉంది, మరిచిపోకు. చిన్నమ్మా, ఎరుపు నువ్వే కలపాలి. జెల్ మీడియం రెండు డబ్బాలు నేను తెస్తాను, ఫెవికాల్ ఎవరూ తేవద్దు.