నరసింహ అనే పేరు పూర్తిగా పిలుద్దాం

మా అబ్బాయికి వాళ్ల తాతగారి పేరే పెట్టుకున్నాం, నరసింహ. డాలస్‌లో ఉంటూ ఇంత పాతపేరేంటి, అది పాస్‌పోర్టులో ఉంచి పిలవడానికి ఏ నీలో, నిషాంతో పెట్టుకోవచ్చుగా అని మా వైపు వాళ్లే అడిగారు. ఇక్కడ చాలా ఇళ్లలో అదే పద్ధతి. నాకు మాత్రం, నోరారా పిలవని పేరు పెట్టడం దేనికి అనిపిస్తుంది. స్కూల్లో మొదట్లో తడబడ్డారు, మావాడే విడగొట్టి పలికి నేర్పించాడు, ఇప్పుడు క్లాసంతా చక్కగా పిలుస్తారు.

కాస్త పెద్దయ్యాక ఈ పేరు ఎక్కడిదని అడిగాడు. ప్రహ్లాదుడి కథ వాడికి ముందే తెలుసు, అందుకని మ్యాప్ తీశాను. మా పుట్టింటి వైపు నంద్యాల జిల్లాలో అహోబిలం, అక్కడ నవనరసింహుల గుళ్లు, అందుకే ఆ చుట్టుపక్కల ఇంటికో ఓబులేసు, ఓబుల్‌రెడ్డి, ఓబులమ్మ. యాదగిరిగుట్ట వైపు వెళ్తే యాదగిరి, యాదమ్మ, నర్సింలు. ఇక వాళ్ల నాన్న వైపు ఉత్తరాంధ్రలో సింహాచలం అప్పన్న, ఆయన పేరు మీద అప్పలనాయుళ్లు, అప్పలనరసమ్మలు, సింహాద్రులు ఎంతమందో! వాళ్ల తాతగారి చెల్లెలి పేరే సింహాచలం. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా అదే పేరు పెట్టేస్తారని వింటే వాడికి భలే నచ్చింది. ఇంకా నచ్చింది, ఆ స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉండి అక్షయ తృతీయ రోజు మాత్రమే నిజరూపంలో కనిపిస్తాడని చెప్పడం. ఆ రోజే ఎందుకు, చందనం ఎవరు తీస్తారు, ఎంత ఉంటుంది, ఒకటే ప్రశ్నలు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి కూడా దాచకుండా చెప్పాను. 1846లో కంపెనీ ప్రభుత్వం మీద తిరగబడ్డ పాలెగాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు, తలను అక్కడి కోటలో ఏళ్ల తరబడి వేలాడదీశారు. పిల్లలకి ఇలాంటివి చెప్పొచ్చా అని మావారు కాస్త టెన్షన్ పడ్డారు గానీ, వాడు శ్రద్ధగా విన్నాడు, బాధపడ్డాడు, బాధపడాల్సిన విషయమే కదా. రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు చూపు పోయాక కూడా తను చెప్తూ వేరేవాళ్ల చేత రాయించారంటే మాత్రం చాలాసేపు నమ్మలేదు. 1991 నుంచి 1996 దాకా ప్రధానిగా చేసిన పీవీ గారిది కూడా ఇదే పేరు, అందరూ పీవీ అనేసరికి మధ్యలో నరసింహం కనపడకుండా పోయాడంతే. అప్పట్నుంచీ మావాడు ఆయన ఫొటో చూస్తే పేరు పూర్తిగా చదువుతాడు.

ఇప్పుడు మా చెల్లి కడుపుతో ఉంది, రాత్రిళ్లు పేర్ల యాప్‌లు తిరగేస్తోంది. ముందు అమ్మకి ఫోన్ చేసి మన ఇంట్లో పాత తరాల పేర్లన్నీ రాసుకోవే అన్నాను. అందులో ఓబులమ్మ వస్తే కంగారుపడి కొట్టేయొద్దని కూడా చెప్పాను.