కాంట్ గారికి నూటికి నూరు

మన నీతి ఏ తత్వవేత్తకి దగ్గరో చెప్పే క్విజ్‌లో ఇరవై ప్రశ్నలకి టిక్కులు పెడితే తేలిందేంటంటే, నా నీతికి అందరికన్నా దగ్గరివాడు జర్మన్ తత్వవేత్త కాంట్. నూటికి నూరు. ఎక్కువ సుఖమిచ్చేదే మంచిపని అన్న మిల్ ఎక్కడో కింద. కాలర్ ఎగరేసేలోపే అమ్మ ఫోన్.

"తిన్నావా?"

"ఆఁ, పప్పన్నం." చేతిలో బిస్కెట్ ప్యాకెట్, అదీ మెత్తబడిపోయింది.

హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగినా అబద్ధమాడకూడదని 1797లోనే రాశాడు కాంట్. నేను బిస్కెట్ దగ్గరే పడిపోయా.

అమ్మ నిశ్చింతగా పడుకుంటుందిగా అంటే అది మిల్ లెక్క. మన శుక్రాచార్యుడే నయం, ఎక్కడెక్కడ బొంకొచ్చో బలికి జాబితా ఇచ్చాడు. పప్పు అందులో లేదు, వెతికా.

పదకొండైంది. కుక్కర్ పెట్టా. రెండో విజిల్ వచ్చింది.