ఇక్కడ ఇంప్రూవ్‌మెంట్ ఉండదు

ఇంటర్ అవగానే మా ఇంటిల్లిపాదీ గ్రీన్‌కార్డు మీద కాలిఫోర్నియా వచ్చేశాం, అందుకే నేను తర్వాత ఏం చదివానో మన బ్యాచ్‌లో చాలామందికి తెలియదు. సంచికకి రాయమంటే క్యాంటీన్ గురించి ఎలాగూ అందరూ రాస్తారు, నేను జీపీఏ గురించి రాస్తా (అంటే గ్రేడ్ల సగటు: ఎ కి 4, బి కి 3, సి కి 2, డి కి 1, ఎఫ్ కి సున్నా పాయింట్లు, వాటిని సబ్జెక్టు యూనిట్లతో హెచ్చవేసి తీస్తారు). మీ పిల్లల్లో కొందరు ఇప్పుడు అదే దారిలో ఉన్నారని విన్నాను.

కుపర్టినోలో డి ఆంజా అని కమ్యూనిటీ కాలేజీ. ఫీజు బాగా తక్కువ కాబట్టి రెండేళ్లు అక్కడ చదివి, మూడో ఏడాదికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి (యూసీకి) మారిపోవాలని ప్లాన్. అందుకు 90 క్వార్టర్ యూనిట్లు (క్వార్టర్ అంటే సెమిస్టర్ కంటే చిన్న టర్మ్, యూనిట్లు అంటే ఒక్కో సబ్జెక్టుకి ఇచ్చే బరువు), ఈ రాష్ట్రం వాళ్లకి కనీసం 2.4 జీపీఏ కావాలి. ఆ కనీసం కాగితం మీదే, ఇంజినీరింగ్‌కైతే ఏ మూలకీ చాలదు. నాకేమో 30 యూనిట్లయ్యేసరికి 2.2. పన్నెండు వారాల్లో ఫైనల్స్‌తో సహా సబ్జెక్టు అయిపోతుంది, సాయంత్రం గ్యాస్ స్టేషన్‌లో డ్యూటీ, పైగా కెమిస్ట్రీలో డి.

మనకి ఇంటర్‌లో పాసైన సబ్జెక్టు కూడా ఇంప్రూవ్‌మెంట్ రాసుకునే వీలుండేది, గుర్తుందా? ఇక్కడ సి వచ్చిందా, ఇక అంతే సంగతులు. డి, ఎఫ్ వస్తేనే మళ్లీ చదవనిస్తారు, యూసీ వాళ్లు అప్పుడు కొత్త గ్రేడే లెక్కలోకి తీసుకుంటారు (పాతది ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపిస్తూనే ఉంటుందనుకోండి). సి కంటే డి నయమేమో అనిపించే విచిత్రం!

కౌన్సెలర్ మేడమ్ కాగితం మీద లెక్కేసి చూపించారు. 30 యూనిట్లకి నా పాయింట్లు 66. ఇంకో అయిదు యూనిట్ల కొత్త సబ్జెక్టులో ఎ తెచ్చుకుంటే 35కి 86, అంటే 2.46 దగ్గర ఆగుతుంది. అదే కష్టం కెమిస్ట్రీ మీద పెడితే 5 పాయింట్లు పోయి 20 వస్తాయి, 30కి 81, అంటే 2.7. నేను కెమిస్ట్రీకే వెళ్లాను. ఇది మొదట్లోనే చేయాలి, ఎందుకంటే 60 యూనిట్ల దాకా 2.2లోనే ఉండిపోతే మిగిలిన 30లో అన్నీ ఎ లే వచ్చినా 2.8 దాటదు. ఇంకో సంగతి, నవంబరులో అప్లికేషన్ పెట్టేటప్పటికి చేతిలో ఉండేవి ఆ వేసవి దాకా వచ్చిన గ్రేడ్లే, ఫాల్ (సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఉండే టర్మ్) గ్రేడ్లు జనవరిలో గానీ చేర్చలేం. అందుకని వేసవి సెలవులు కూడా క్లాసులకే పోయాయి, ఇండియా ప్రయాణం వాయిదా పడింది, అమ్మమ్మ ఫోన్లో అలిగింది.

చివరికి 3.2 దాటింది, యూసీ వాళ్ల డేవిస్ క్యాంపస్‌లో సీటొచ్చింది. తీరా చేరాక చూస్తే అక్కడా క్వార్టర్లే. యూనిట్లు మాత్రం వెంట వచ్చాయి గానీ అంత కష్టపడి పెంచిన జీపీఏ రాలేదు, అక్కడి సబ్జెక్టులతో లెక్క మళ్లీ మొదటినుంచీ మొదలు!