బత్తాయి ఆకు కెమెరా, 4వ వారం: నంపై పంచాయితీ

కెమెరా డబ్బా పెట్టేది నల్గొండ జిల్లా కనగల్ వైపు బత్తాయి తోటలో. రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే కంప్యూటర్), కెమెరా, ఆకుల మీద గజ్జి తెగులు మచ్చలు గుర్తుపట్టే చిన్న ఏఐ మోడల్, దాన్ని నడిపే టీఎఫ్‌లైట్. ఓఎస్ బుక్‌వర్మ్ 64 బిట్, పైథాన్ 3.11. ఈ వారం మోడల్ అక్కడే ఉన్నది, టైమంతా ప్యాకేజీలు మింగినయి.

కెమెరాను నడిపే పైకెమెరా2 లైబ్రరీ ఆప్ట్ (ఓఎస్ ప్యాకేజీలు వేసే టూల్) నుంచి వచ్చింది, దాని వెంట నంపై (పైథాన్‌లో అంకెల లెక్కలు చేసే లైబ్రరీ) 1.24.2. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్ట్ ప్యాకేజీలకు వేరే ఫోల్డర్, పొట్టిగా వెన్వ్) చేసేటప్పుడు సిస్టమ్ సైట్ ప్యాకేజెస్ ఆప్షన్ ఇయ్యాలె, లేకుంటే లోపల పైకెమెరా2 కనపడదు. అందులో టీఎఫ్‌లైట్ రన్‌టైమ్ 2.14.0 వేస్తే అంతా నడిచింది.

ఫొటో కత్తిరించనీకి ఓపెన్‌సీవీ హెడ్‌లెస్ (ఫొటోల లైబ్రరీ, స్క్రీన్ విండోలు లేని రకం) పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) వేసినంక మొదలైంది లొల్లి. వచ్చింది 4.12.0.88. అది నంపై 2 లేనిదే ఒప్పుకోదు. ఆప్ట్ పెట్టిన నంపైని పిప్ ముట్టదు కాబట్టి ఎన్విరాన్‌మెంట్ లోపల ఇంకో నంపై దించింది. ఇంపోర్ట్ చేస్తే ముందు దొరికేది అదే. టీఎఫ్‌లైట్ 'నంపై 1 మీద కంపైల్ అయిన మాడ్యూల్' అని ఆగిపోయింది. కెమెరా సంగతి ఇంకా అన్యాయం: పైకెమెరా2 వాడే సింపుల్‌జెపెగ్ లైబ్రరీ, నంపై లోపలి డీటైప్ (డేటా రకం) సైజు మారిందని పడిపోయింది.

ప్యాకేజీలు ఒకదానికొకటి సరిపోయినయా అని చూసే పిప్ చెక్ కొట్టి చూస్తే నంపై గురించి ఒక్క మాట లేదు. ఎందుకంటే టీఎఫ్‌లైట్ కాగితం మీద రాసుకున్నది '1.23.2 లేదా ఆపైన' అని మాత్రమే, పై హద్దు లేదు. ఏ వెర్షన్ వెయ్యాలో తేల్చే పిప్ రిజాల్వర్ చూసేది ఆ కాగితమే. లోపలి బైనరీ దేని మీద కంపైల్ అయిందో దానికి పట్టదు.

'నంపై<2' (2 కన్నా పాత వెర్షన్) అని ఒక్కటే వేస్తే సగం పనే అయితది. నంపై దిగుతది, ఓపెన్‌సీవీకి సరిపోలేదని చివర్ల ఎర్ర అక్షరాలు వస్తయి, కానీ ఓపెన్‌సీవీ 4.12 అట్లనే ఉంటది. 20.3 వెర్షన్ (2020) నుంచి పిప్‌కు వెనక్కి పోయి పాత వెర్షన్లు వెతికే తెలివి వచ్చింది గానీ, అది ఆ కమాండ్‌లో ఇచ్చిన ప్యాకేజీల వరకే. నిన్నటి కమాండ్‌లో వేసినదాన్ని తనంతట తాను మార్చదు.

జావాస్క్రిప్ట్ వాళ్ల ఎన్‌పీఎంలో అయితే ఎవరి నంపై వాళ్ల ఫోల్డర్లో పడుండేది. పైథాన్‌లో ఒక ప్రాసెస్‌కు ఆ పేరుతో ఒక్కటే.

అందుకే ఎన్విరాన్‌మెంట్ మొత్తం డిలీట్ చేసి మళ్ళ కట్టుడే. ఏ వెర్షన్లు దాటొద్దో చెప్పే కన్‌స్ట్రెయింట్స్ ఫైల్లో రెండు లైన్లు: నంపై==1.24.2, ఓపెన్‌సీవీ పైథాన్ హెడ్‌లెస్==4.11.0.86. 4.11 పైథాన్ 3.11 మీద నంపై 1.23.5 నుంచి ఒప్పుకుంటది, కాబట్టి ఆప్ట్ తెచ్చిన 1.24.2 ముగ్గురికీ సరిపోతది, కొత్తది దించే పనే లేదు. టీఎఫ్‌లైట్, ఓపెన్‌సీవీ రెండూ ఒకే కమాండ్‌లో, మైనస్ సి (-c) ఆప్షన్ తోని ఆ ఫైల్ ఇచ్చి వెయ్యాలె. తర్వాత నంపై ఫైల్ పాత్ ప్రింట్ చేసి చూడాలె. డిస్ట్ ప్యాకేజెస్ (ఆప్ట్ వేసే ఫోల్డర్) అని వస్తే సరే. వెన్వ్ ఫోల్డర్ పేరు కనపడితే ఎక్కడో ఇంకోటి దూరినట్టే.

తోటలో సిగ్నల్ అంతంతే. పిప్ డౌన్‌లోడ్‌తో వీల్స్ (ప్యాకేజీల రెడీమేడ్ ఫైళ్లు) అన్నీ ఇదే రాస్ప్‌బెర్రీ పై మీద ఇంట్లనే ఒక ఫోల్డర్లో దింపి, తోటలో నెట్ లేకుండ నో ఇండెక్స్, ఫైండ్ లింక్స్ ఆప్షన్లతో ఎక్కియ్యాలె. మెమరీ కార్డులో ఓఎస్ మాత్రం బుక్‌వర్మ్ తర్వాతి ట్రిక్సీకి మార్చొద్దు: అందులో పైథాన్ 3.13, టీఎఫ్‌లైట్ 2.14.0 వీల్స్ 3.11 దగ్గరే ఆగినయి.