అత్తయ్య భుజం, మామయ్యగారి ఆవకూర

శనివారం, రాత్రి పది దాటింది.

పొద్దున కాఫీల వేళకి ఫ్యామిలీ గ్రూపులో బాబాయి సూక్తి వచ్చింది. సూర్యోదయం బొమ్మ, దాని మీద పసుపు అక్షరాలు. సుఖాల్లో నిద్రపోయే ప్రతిభను కష్టాలే తట్టి లేపుతాయట. కింద హోరేస్ అని పేరు. నిమిషంలో దండాలు, చప్పట్లు వరసకట్టాయి. అత్తయ్య ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని నా ఫోన్లోకి తొంగిచూసి, "ఏమోనమ్మా, నా భుజంలో ఏ ప్రతిభ దాక్కుందో ఇవాళ ఆ అబ్బాయినే అడగాలి" అంది.

ఆ అబ్బాయంటే ఫిజియోథెరపిస్టు. అత్తయ్య కుడి భుజం పట్టేసి నెలలవుతోంది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువగా వస్తుందట, పూర్తిగా తగ్గడానికి ఏడాది పైనే పట్టొచ్చట. మొదట జడ వేసుకోవడం పోయింది. తర్వాత పై అరలో డబ్బా అందుకోవడం పోయింది. ఇప్పుడు జాకెట్టు తొడుక్కోవాలన్నా నన్ను పిలవాలి. నొప్పి గురించి ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది గానీ, ఈ జాకెట్టు సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తదు.

ఉప్పల్ రింగ్ రోడ్డు దాటేసరికే పదకొండైంది. క్లినిక్‌లో ఒక గోడకి చిన్న చిన్న మెట్లున్న చెక్క బిగించి ఉంటుంది. వేళ్లతో ఒక్కో మెట్టూ పాకించుకుంటూ చేతిని పైకి తీసుకెళ్లాలి. కిందటిసారి ఏ మెట్టు దాకా వెళ్లిందో అత్తయ్యకి గుర్తుంటుంది. దానికన్నా ఒక్కటైనా పైకెక్కితే గానీ అక్కణ్ణుంచి కదలదు. ఆవిడ అలా గోడతో పంతం పట్టి ఉండగా నేను బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక పెద్దమ్మ. భుజానికి వేడి కాపడం కట్టి కూర్చోబెట్టారు. మాటల్లో తెలిసింది, పోచంపల్లి దగ్గర పల్లె, కొడుకు ఇక్కడ ఉంటే వచ్చిందట.

"ఏం పని చేసేవారు పెద్దమ్మా?"

"ఆసు పోసేదాన్ని బిడ్డా. లగ్గమైన కాడికెల్లి అదే పని. పొద్దుగాల కూసుంటె పొద్దుమీకేదాంక. గిట్ల..." అని చేత్తో చూపించబోయింది. చెయ్యి సగంలోనే ఆగిపోయింది. నవ్వేసి ఎడమ చేత్తో చూపించింది.

ఆసు అంటే నాకు కొంచెం తెలుసు. మాకు తెలిసిన పద్మశాలీల ఇంట్లో చిన్నప్పుడు చూశాను. పోచంపల్లి చీరలో నేశాక అద్దిన రంగు ఉండదు. నెయ్యకముందే, దారంగా ఉన్నప్పుడే, ఎక్కడ ఏ రంగు రావాలో లెక్కకట్టి అక్కడక్కడ గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. అలా కట్లు కట్టాలంటే ముందు దారాన్ని ఒక వరసలో పరవాలి. దానికి ఒక చట్రం ఉంటుంది. ఇటు ఒక మేకు, అటు అర్ధచంద్రంలా వరసగా బోలెడు మేకులు. మధ్య దూరం దాదాపు మీటరు. దారం పట్టుకుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, ఒక్క మేకూ తప్పకుండా, దారం బిగువు మారకుండా చెయ్యి తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకి దాదాపు 9,000 సార్లు. రోజుకి రెండు చీరలకి పోస్తే 18,000. ఒక చీరకి నాలుగైదు గంటలు. ఇది ఎక్కువగా ఆడవాళ్లే చేసేవారు. వంట చేసి, పిల్లల్ని బడికి తోలి, వచ్చి కూర్చుని.

లెక్క తప్పితే డిజైను చెదిరిపోతుంది. అన్నేసి వేల తిప్పుల్లో లెక్క తప్పకుండా పోసే ఆ చేతిని ఎవరూ ప్రతిభ అనలేదు. మగ్గం మీద కూర్చున్నాయన నేతగాడు, ఆసు పోసే ఆవిడ మాత్రం ఆయన భార్యో, తల్లో. సూక్తులు రాసేవాళ్ల చూపు ఇలాంటి చోట్ల పడదు.

"మల్లేశం మిషన్ వచ్చినంక ఇడిసిపెట్టిన. గని అప్పటికే చెయ్యి ఖరాబైంది" అంది పెద్దమ్మ. కోపంగా కాదు, బస్సు ముందే వెళ్లిపోయిందని చెప్పినట్టు.

చింతకింది మల్లేశం గారిది ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది, మగ్గం మీదకి వచ్చేశారు. తల్లి లక్ష్మిగారు ఆసు పోసేవారు. రాత్రయ్యేసరికి భుజం, మోచెయ్యి నొప్పులు. ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు, ఆ చుట్టుపక్కల నేత ఇళ్లన్నిటా ఇదే. తరాల తరబడి ఆడవాళ్లు రాత్రిళ్లు భుజాలు పట్టించుకుంటూనే ఉన్నారు. అందరూ చూశారు. ఈ పని మిషను చెయ్యలేదా అని ఈయన పట్టుబట్టారు. 1992లో మొదలుపెడితే 1999కి గానీ పూర్తి కాలేదు. మధ్యలో డబ్బులు అయిపోయాయి, ఊళ్లో నవ్వినవాళ్లు నవ్వారు, బతుకుతెరువుకి హైదరాబాదు వచ్చి కూలిపని చేసుకోవాల్సి వచ్చింది. చివరి చిక్కు ఒకటి ఎంతకీ విడలేదట. బాలానగర్‌లో ఏదో కరెంటు పని మీద ఒక కార్ఖానాకి వెళ్తే, అక్కడ ఒక మిషను కదిలే తీరు చూసి దొరకాల్సింది దొరికిందట. తయారైన యంత్రానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

ఈ కథని మనవాళ్లు ఎప్పుడు చెప్పినా "పేదరికం ఆయనలోని శాస్త్రవేత్తను బయటికి తీసింది" అని ముగిస్తారు. నాకు అది అతకదు. ఆ చుట్టుపక్కల ఎంతమందికి లేదు పేదరికం? పేదరికమే ఆ పని చేసేదైతే ఈపాటికి ఆలేరు నుంచి మోత్కూరు దాకా శాస్త్రవేత్తలే ఉండాలి. ఆ నొప్పి అసలు ఆయన భుజంలో లేదు. అది తల్లిది. పక్కవాళ్ల నొప్పిని రోజూ చూసీ చూసీ అలవాటుపడిపోవడం మనందరికీ తెలిసిన విద్య. ఆయనకి ఆ విద్య పట్టుబడలేదు. అదే తేడా అనిపిస్తుంది నాకు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఈ మాటే అత్తయ్యతో అన్నాను. అత్తయ్యది విజయనగరం. ఎక్కడ ఏ మాట మొదలైనా ఆవిడ దాన్ని వాళ్ల ఊరి మూడు లాంతర్ల కూడలి దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టగలదు.

"మా సంగీత కళాశాల ఎలా వచ్చిందనుకున్నావు? చాగంటి జోగారావుగారని ఉండేవారు. ఆయన కొడుకు గంగరాజుకి చూపు లేదు. ఆ కుర్రాడి కోసం పెట్టారమ్మా విజయరామ గజపతి మహారాజుగారు."

కాలేజీ 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. వయొలిన్ నేర్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారికీ చిన్నప్పటినుంచి చూపు మందమే. అప్పటికి ఇరవై ఆరేళ్లవాడు, తర్వాత ఆ కాలేజీకే ప్రిన్సిపాలు అయ్యారు. ఒక పిల్లవాడి కళ్లు లేని కష్టం దగ్గర మొదలైన ఇంట్లోకి ఆ తర్వాత ఎంతమంది నడిచి వచ్చారో! తండ్రి పోయి, చేతిలో ఏమీ లేక వచ్చిన ఘంటసాల వాళ్లలో ఒకడు. ఇంటింటా మధుకరం అడుక్కుని తిని సంగీతం నేర్చుకున్నాడు.

"ఘంటసాల కష్టం గురించి అందరూ చెబుతారు. జోలె పట్టుకుని వస్తే అన్నం పెట్టినవాళ్ల సంగతి ఎవరూ చెప్పరు" అంది అత్తయ్య. "మా అమ్మమ్మ కాలం వాళ్లు. వాళ్లలో ఒక్కళ్లు తలుపేసుకున్నా ఆ రోజుకి పస్తే కదా."

ఈవిడ ఇలాంటివి మాట్లాడినప్పుడు ఆటో ఇంకాస్త దూరం పోతే బాగుండుననిపిస్తుంది. కానీ స్పీడ్ బ్రేకరు వచ్చింది, భుజం కలుక్కుమంది, మాట మా కాలనీ రోడ్ల మీదకి మళ్లింది.

మధ్యాహ్నం పడుకోబోతూ ఆ హోరేస్ సంగతి చూద్దామని ఫోన్ తీశాను. నవ్వు ఆగలేదు. రెండు వేల ఏళ్ల కిందటి రోమ్ కవి. ఆ మాట ఆయన ఉపదేశంగా చెప్పింది కాదు. ఆయన వ్యంగ్య కవితల్లో ఒక విందు ఉంది. నాసిడియెనస్ అనే డబ్బున్న ఆసామి పెద్దమనుషుల్ని పిలిచి, వడ్డించిన ప్రతి పదార్థం గురించీ ఊదరగొడుతుంటాడు. ఇంతలో పైన కట్టిన తెర ఊడి పళ్లెం మీద పడుతుంది. గదంతా నల్లటి దుమ్ము. ఆసామి తలవంచుకుని, చేతికందిన కొడుకు పోయినట్టు ఏడుస్తాడు. ఒక అతిథి నవ్వు ఆపుకోలేక నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంటాడు. బలాట్రో అనే ఇంకో అతిథి అప్పుడు అంటాడు, సేనాపతికైనా విందు ఇచ్చేవాడికైనా ప్రతిభ కష్టాల్లోనే బయటపడుతుంది, సుఖంలో మరుగున ఉంటుంది అని. పచ్చి వెటకారం. ఆ ఆసామి మాత్రం అది నిజమైన ఓదార్పే అనుకుని, నువ్వు ఎంత మంచివాడివయ్యా అని దీవించి, చెప్పులు తెప్పించుకుని లేస్తాడు.

అంటే మా బాబాయి పొద్దున పంపింది దుమ్ము పడిన విందులో కూర్చున్నవాడు వేసిన జోకు! అక్కడ దుమ్ము దులపడానికి ఆ అతిథి లేవలేదన్నది గమనించాలి. ఎవరికైనా ఉద్యోగం పోయినప్పుడు, పరీక్ష తప్పినప్పుడు మనవాళ్లు కూడా కుర్చీలో కదలకుండానే ఈ మాట అంటారు. తప్పిన పిల్లవాడు ఒక్కడూ తనంతట తాను అనగా నేను వినలేదు. గ్రూపులో ఇది రాద్దామని టైప్ చేశాను కూడా. మళ్లీ చెరిపేశాను. బాబాయి మోకాలి ఆపరేషన్ అయ్యి ఇంట్లోనే ఉన్నాడు, ఆ సూక్తి బహుశా తనకే పంపుకున్నాడేమో. "మోకాలు ఎలా ఉంది బాబాయ్, వ్యాయామం చేస్తున్నారా?" అని విడిగా మెసేజ్ పెట్టాను. వెంటనే ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. సూక్తి ఊసే రాలేదు.

ఇక మా ఇంట్లో ప్రతిభ సంగతి. డెబ్బై దాటిన మామయ్యగారు ఉద్యోగం ఉన్నన్నాళ్లూ వంటింట్లోకి మంచినీళ్ల కోసం తప్ప వచ్చింది లేదు. అత్తయ్య చెయ్యి పట్టేసిన కొత్తల్లో నేను ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తున్నానని ఒక సాయంత్రం ఆయనే కుక్కరు పెట్టారు. తర్వాత చారు. ఆ చారు మేం ఎవరం మర్చిపోలేం, అది వేరే కథ. ఇప్పుడు పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందంటే, ముక్కలు ఏ సైజులో తరగాలో నాకు చెబుతున్నారు. నలభై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో వంట అత్తయ్య చేసింది, అది వంట. ఈయన వారానికి నాలుగు కూరలు చేస్తే చుట్టాలందరికీ ఫోన్లలో టాలెంట్ అని వినిపిస్తోంది. ఈ మాట అంటే అత్తయ్య "పోనీలే, చెయ్యనీ, అసలే బిగుసుకునే మనిషి" అంటుంది గానీ, లోపల ఆవిడకీ ఉక్రోషం లేకపోలేదు. భుజం ఆవిడది, పేరు ఆయనది.

ఇవాళ రాత్రికి అరటికాయ ఆవపెట్టిన కూర చేశారు. ఆవిడ కుర్చీ వంటింటి గుమ్మం దగ్గరికి జరుపుకుని కూర్చుంది. అరటికాయ ఉడికిందా లేదా ఈయన గరిటెతో నొక్కి చూస్తుంటే, ఆవిడ అక్కణ్ణుంచే వాసన పట్టి "ఇంక దించండి" అంది. ఆవముద్ద పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది. దించాక, కాస్త వేడి తగ్గాక కలపాలి. ఆయనకి ఆ ఓపిక ఎప్పుడూ ఉండదు. ఇవాళ మాత్రం గడియారం చూసుకుంటూ నిలబడ్డారు.

కూర బాగుంది. నిజంగా బాగుంది. మా ఆయన రెండోసారి వడ్డించుకున్నారు, పిల్లాడు కూడా పేచీ పెట్టలేదు. మామయ్యగారు అందరి మొహాలూ చూసి చివరికి అత్తయ్య వైపు తిరిగారు.

"ఎలా ఉంది?"

"ఉప్పు సరిపోయింది" అంది అత్తయ్య.

"ఆవ?"

"ఆవ కొంచెం ముందే కలిపేశారు. రేపు పనసపొట్టు తెప్పించండి, అప్పుడు చూద్దాం."

పనసపొట్టు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలీదు. పొద్దున్నే రైతుబజారుకి వెళ్లాలట, ఏడింటికల్లా తయారుగా ఉండమని మామయ్యగారు మా ఆయనతో కూడా చెప్పేశారు. అలారం పెట్టాలి.